మార్కును ఎంతవరకు నమ్మొచ్చు?

శ్రోతలకు నమస్కారం.

రాష్ట్రమంతటా ఒకే ప్రశ్నపత్రంతో బడిపిల్లలకు పరీక్ష పెడతారు. ఆ మార్కుల్ని ఎంతవరకు నమ్మొచ్చు? బి.ఎడ్. చదివినవాళ్లు సప్రమాణత, విశ్వసనీయత అని చదువుకుని ఉంటారు. మనం కొలవాలనుకున్నదాన్నే పరీక్ష కొలుస్తోందా అన్నది మొదటిది. మళ్లీ పెట్టినా, ఇంకొకరు పెట్టినా ఫలితం అదే వస్తుందా అన్నది రెండోది. నిర్వచనాలు ఇంతటితో చాలు. మీకు అట్లాంటా సంగతి చెప్పాలి.

అమెరికాలో జార్జియా రాష్ట్రం, దాని రాజధాని అట్లాంటా. అక్కడ సీఆర్‌సీటీ అని రాష్ట్రస్థాయి పరీక్ష ఉండేది. అన్నీ బిట్లే. జవాబు ఎంచుకుని పెన్సిల్‌తో గడి నింపాలి. అట్లాంటా ప్రభుత్వ బడుల్లో ఎక్కువమంది పేదింటి నల్లజాతి పిల్లలు. వాళ్ల మార్కులు ఏటేటా పెరుగుతూ వచ్చాయి. దేశమంతా మెచ్చుకుంది. 2009లో అక్కడి బడులన్నిటికీ పెద్ద అధికారి అయిన సూపరింటెండెంట్ బెవర్లీ హాల్‌కు దేశంలోనే ఉత్తమ సూపరింటెండెంట్ అని పురస్కారం కూడా వచ్చింది.

అదే 2009 జవాబు పత్రాలను రాష్ట్రం మళ్లీ బయటికి తీసింది. ఈసారి చూసింది మార్కులను కాదు, రబ్బరు గుర్తులను. చెరిపిన చోట మచ్చ మిగులుతుంది, యంత్రం దాన్ని పట్టేస్తుంది. పిల్లలు చెరిపి దిద్దుకోవడం మామూలే. కానీ కొన్ని తరగతుల్లో తప్పు చెరిపి ఒప్పు పెట్టిన చోట్లు రాష్ట్ర సగటును ఎంతో దాటిపోయాయి. గవర్నర్ దర్యాప్తు వేయించారు. 2011లో నివేదిక వచ్చింది. 56 బడులు పరిశీలిస్తే 44 బడుల్లో మోసం బయటపడింది. టీచర్లు, ప్రిన్సిపాళ్లు కలిపి 178 మంది పేర్లు అందులో ఉన్నాయి. రబ్బరు పట్టుకున్నది పిల్లలు కాదండీ, పెద్దలు. 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది.

ఎందుకు చేశారు? ప్రతి బడికీ ఏటా ఇంత పెరగాలని లక్ష్యం పెట్టారు. అందుకుంటే బోనస్, అందుకోకపోతే ఉద్యోగం మీద టెన్షన్. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ చదవడం రాని పిల్లవాడి కార్డులో పాస్ అని ఉంది. పాసైనవాడికి ప్రత్యేక తరగతి ఎవరు పెడతారు? అందాల్సిన సాయం అందకుండా పోయింది. ఎవరికి ఎన్ని మార్కులు పెరిగాయన్నది కాదు, ఆ సాయం అందకపోవడమే నన్ను బాధపెడుతుంది.

మన ఆంధ్రప్రదేశ్‌లోనూ అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త ఇలాంటిదే పరిశీలించారు. టీచర్లే దగ్గరుండి కాగితం మీద రాయించిన పరీక్షలో మార్కులు ఉన్నదానికన్నా పెరిగి కనిపించాయి. ట్యాబ్‌ల మీద పెట్టినప్పుడు ఆ తేడా బాగా తగ్గింది. మార్కును బట్టి బడికి పేరో మాటో వస్తుందనుకుంటే చాలు, మార్కు మారిపోతుంది. పిల్లలకు ఏం రాదో తెలుసుకోవడానికి పెట్టే పరీక్షతోనే టీచర్‌ను తూచకూడదని నా అభిప్రాయం.

మోసం లేకపోయినా మార్కు తప్పు చెప్పొచ్చు. ఇంగ్లిష్ మీడియంలో కొత్తగా చేరిన పాపకు తీసివేత వచ్చు. లెక్క మాత్రం నాలుగు ఇంగ్లిష్ వాక్యాల్లో ఇచ్చారు. అర్థం కాలేదు, మార్కు పోయింది. లెక్కల్లో వెనకబడిందని రాస్తారు. వెనకబడింది లెక్కల్లోనా, ఇంగ్లిష్‌లోనా?

మరి ఇంట్లో మనం ఏం చేయొచ్చు? పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో వాలంటీర్లు పిల్లల ఇంటికే వెళ్తారు. రెండో తరగతి స్థాయి కథ ఒకటి ఇచ్చి చదవమంటారు. అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత చేయమంటారు. అంతే, కొద్ది నిమిషాల పని. మీరూ చేయండి. పిల్లలు ఇదివరకు చూడని పేజీ ఇవ్వండి. పక్కింటి పుస్తకమైనా పర్వాలేదు. చూసిన పేజీ అయితే అప్పజెప్పేస్తారు. ఒక్కసారితో తేల్చేయకండి. ఇంకో రోజు, ఇంకో పేజీతో మళ్లీ చదివించండి. మీకు చదువు రాకపోయినా తడబాటు చెవికి తెలుస్తుంది. తిట్టొద్దు, పక్కపిల్లలతో పోల్చొద్దు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఆ పేజీని కూడా పట్టుకెళ్లండి. "మేడం, కార్డులో 'ఎ' గ్రేడ్ అని ఉంది, కానీ మా పాప ఈ పేజీ చదవలేకపోతోంది. ఏం చేద్దాం?" అని అడగండి.