27వ వారంలో ఏం జరుగుతోంది?

సభకు నమస్కారం.

ప్రసూతి సెలవు మాట వచ్చినప్పుడల్లా మన చర్చ అది ఎన్ని వారాలన్న దగ్గరే ఆగిపోతోంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచడం నిజంగా పెద్ద మేలు. ఆ గడువు ముగిసి, 27వ వారంలో తల్లి తిరిగి ఆఫీసుకు బయలుదేరే రోజు గురించి నేను మాట్లాడదలిచాను.

మనలో చాలా కుటుంబాల్లో తొలి కాన్పు పుట్టింట్లోనే. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పురుడు, బారసాల ముగించుకుని హైదరాబాద్ ఫ్లాటుకు చేరిన అమ్మాయికి సాయంగా కొన్ని నెలలు అమ్మమ్మ ఉంటుంది, ఆమె వెళ్లాక నాయనమ్మ వస్తుంది. మోకాళ్ల నొప్పులతో, మందుల డబ్బాలతో వచ్చే ఈ పెద్దవాళ్ల జీతం లేని చాకిరీ మీదే మన ఐటీ కొలువులు ఎన్నో నిలబడి ఉన్నాయని నా నమ్మకం. వాళ్లు రాలేని ఇంట్లో ఉద్యోగం మానేది దాదాపు ఎప్పుడూ తల్లే.

2020లో కరోనాతో ఇంటికి చేరిన పని, ఆఫీసులు తెరిచాక కూడా ఇల్లు వదల్లేదు. పగలు ఆఫీసు, రాత్రి ఇంటి నుంచి అమెరికా కాల్స్. బిడ్డను నిద్రపుచ్చే వేళ సరిగ్గా అదే. సెలవు తర్వాత ఇంటి నుంచి పనిచేసే వీలును చట్టం ప్రస్తావించింది గానీ, దాన్ని యజమానీ ఉద్యోగినీ కుదుర్చుకునే ఒప్పందానికే వదిలేసింది కనుక, అది మేనేజరు మంచితనాన్ని బట్టి దొరికేదిగా మిగిలింది.

ఇక తండ్రి సంగతి. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది. ప్రైవేటు ఉద్యోగికి ఇచ్చి తీరాలన్న చట్టం లేదు. మరోవైపు, ఈఎస్ఐ (ప్రభుత్వం నడిపే ఉద్యోగుల బీమా పథకం) పరిధిలోకి రాని మహిళా ఉద్యోగి ప్రసూతి సెలవు జీతం మొత్తం యజమానే భరించాలి. బిడ్డ వల్ల వచ్చే ఖర్చూ గైర్హాజరీ రెండూ ఆడవాళ్ల ఖాతాలోనే పడుతున్నప్పుడు, ‘పెళ్లయిందా, పిల్లలెప్పుడు?’ అన్న ప్రశ్న ఇంటర్వ్యూ గదిలోకి రాక మానదు. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి బిడ్డకు 480 రోజుల సెలవు ఉంటే, అందులో 90 రోజులు తండ్రి వాడుకోవలసినవే, తల్లికి బదలాయించే వీల్లేదు; భత్యం సామాజిక బీమా నుంచి వస్తుంది. అన్ని రోజులు మనకు ఇప్పుడే సాధ్యపడకపోవచ్చు. కానీ ఖర్చును ఉమ్మడి నిధికి మార్చడం, తండ్రి సెలవును చట్టంలో రాయడం, ఈ రెండూ కలిసి జరగాలి. మొదటిది లేకుండా రెండోది వస్తే చిన్న సంస్థలు దాన్ని తప్పించుకునే దారులే వెతుకుతాయి.

చట్టం మారేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం) ఏర్పాటు చేయాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలనీ 2017 సవరణే చెప్పింది. దాన్ని ఉమ్మడి సదుపాయంగా నడుపుకోవచ్చని కూడా అందులో ఉంది. మాదాపూర్, గచ్చిబౌలిలలో ఒకే భవనంలో అంతస్తుకో కంపెనీ ఉన్నచోట, అవన్నీ కలిసి కింది అంతస్తులో ఒక మంచి క్రెష్ నడపడానికి కావలసింది అద్దె ఒప్పందంలో ఒక షరతు, నెలనెలా పంచుకునే ఖర్చు. దాని తలుపు తండ్రులకూ తెరిచే ఉండాలి.