ఎక్స్‌రే మంచిగుంటే మరి దమ్ము ఎందుకొస్తోంది?

నమస్తే. మిర్చి సీజన్ వచ్చిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి దగ్గుకుంటూ వచ్చేవాళ్లు మా గదిలో పెరుగుతారు. కూర్చోగానే ఎక్స్‌రే కవరు తీసి అందరిదీ ఒకటే మాట: "ఇండ్ల ఏం లేదన్నరు సార్. మళ్ల ఈ ఊదుడు పరీక్ష ఎందుకు, పైసలకేనా?" వినీ వినీ ఇవాళ కెమెరా ముందు కూర్చున్నా.

మీ పొలంలో బోరు మోటారు ఉంది. దాని ఫోటో తీసి నాకు పంపారు. పైపు ఎక్కడా పగల్లేదు. నీళ్లు ఎన్ని పోస్తోందో ఫోటో చూసి చెప్పమంటే ఎట్లా చెప్పను? ఎక్స్‌రే ఆ ఫోటోలాంటిదే. న్యుమోనియా, చేరిన నీరు, టీబీ మచ్చ లాంటివి చూపిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో మాత్రం చాలాసార్లు శుభ్రంగానే కనబడుతుంది. అక్కడ ఇరుకైనవి లోపలి సన్నటి గొట్టాలు. నీళ్లు కొలవాలంటే మోటారు వేసి చూడాల్సిందే. ఆ పనే స్పైరోమెట్రీ, అదే మీరనే ఊదుడు పరీక్ష.

ముక్కుకు క్లిప్పు పెడతాం. నిండా పీల్చి, ఒక్క ఉదుటున ఊదాలి, ఆపకుండా దాదాపు 6 సెకన్లు. "ఊదు పెద్దమ్మా, ఊదు, ఇంకా, ఇంకా!" అని మేం అరుస్తుంటే బయటివాళ్లు లోపల కొట్లాట అనుకుంటారు. మధ్యలో ఆపేస్తే లెక్కంతా తప్పుతుంది మరి.

చూసేది ఏంటంటే, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో ఎంత వచ్చిందీ అని. 3 లీటర్ల ట్యాంకు నుంచి మొదటి సెకనులో లీటరున్నరే వస్తే పైపు ఇరుకైందన్నమాట. అప్పుడు గొట్టాలను వదులు చేసే సాల్బుటమాల్ మందు ఇన్‌హేలర్‌తో 4 పఫ్‌లు ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ ఊదిస్తాం. పైపు మీద తొక్కిన కాలు ఎవరో తీసినట్టు గాలి పెరిగితే, అంటే కనీసం 12 శాతం, దాంతోపాటు కనీసం 200 మిల్లీలీటర్లు, ఉబ్బసం అనుమానం బలపడుతుంది. మందిచ్చాక కూడా మొత్తం గాలిలో మొదటి సెకను వాటా 0.7 (అంటే 70 శాతం) కంటే తక్కువే ఉంటే పైపు లోపల పాచి పట్టినట్టు, సీఓపీడీ కావచ్చు, అంటే గొట్టాలు ఇరుకై అట్లాగే ఉండిపోయే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు. ఇది బీడీ తాగేవాళ్ల జబ్బే అనుకోకండి. బీడీ ముట్టకుండా 30 ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిన అమ్మలకూ వస్తుంది. వాళ్లను "పొగ తాగవు కదా, నీకేం కాదు" అని పంపేసేవాళ్లంటే నాకు మహా కోపం.

ఇక క్వారీ దుమ్ములో పనిచేసినవాళ్లకు ట్యాంకే, అంటే ఊపిరితిత్తే, కుంచించుకుపోవచ్చు. దానికి సీటీ స్కాన్ లాంటివి కావాలి, అది ఇంకో వీడియోలో.

టైమైపోతోంది, గబగబా చెప్తా. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. ఒక పఫ్‌లో సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు, 2 మిల్లీగ్రాముల మాత్రలో దానికి 20 రెట్లు. పొలమంతా తడపకుండా మొక్క మొదట్లో డ్రిప్పు పెట్టినట్టు. పీల్చాక 10 సెకన్లు ఊపిరి బిగపట్టండి. స్టెరాయిడ్ ఉన్నదైతే నోరు పుక్కిలించండి.

దగ్గు రెండు వారాలు దాటితే ముందు టీబీ ఉందేమో చూసే తెమడ పరీక్ష. ఎంజీఎం లాంటి సర్కారు దవాఖానల్లో ఉచితమే. ఊదుడు పరీక్షకు కడుపు నిండా తిని రావొద్దు, ఇన్‌హేలర్ ఎప్పుడు ఆపాలో ముందే డాక్టర్‌ను అడగండి. ఆ ఎక్స్‌రే కవరు కూడా తెచ్చుకోండి, మోటారు ఫోటో మేమూ చూస్తాం.