వెయ్యి రూబుళ్లవాడి ఓడ

అందరికీ నమస్కారం.

బీమా గురించి మాట్లాడమన్నారు. పాలసీ అమ్మడానికి మాత్రం రాలేదు, తలుపు దగ్గర కూర్చున్నవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. నేను ఎకనామిక్స్ పాఠాలు చెప్పుకొని బతికినవాణ్ణి. ఏజెంటు ఎదురైతే మీరెలా పక్క సందులోకి తిరుగుతారో నేనూ అలాగే తిరిగేవాణ్ణి.

మా మామగారు స్కూటరుకు ఏటా ఇన్సూరెన్స్ కట్టేవారు. ఏడాది తిరిగేసరికి "ఈసారి కూడా దండగే అయింది" అనేవారు. స్కూటరు ఎవర్నీ గుద్దనందుకు బాధపడుతున్నారా అని మేం నవ్వుకునేవాళ్లం. నిజానికి ఆయన లెక్కలో తప్పేమీ లేదు. వాహనం, ఆస్పత్రి ఖర్చు లాంటి బీమాల్లో కంపెనీ ఆఫీసు అద్దె, జీతాలు, కమీషన్లు, లాభం అన్నీ మన ప్రీమియంలోంచే రావాలి. కాబట్టి మనమందరం కట్టేదానికంటే మనందరికీ తిరిగొచ్చేది మామూలుగా తక్కువే. సగటు లెక్క చూసుకునేవాడికి బీమా దండగే. మరి తెలిసి తెలిసి ఎందుకు కడుతున్నాం?

దీనికి మొదటి గట్టి జవాబు 1738లో వచ్చింది. డేనియల్ బెర్నౌలీ అనే గణితవేత్త సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ పత్రికలో లాటిన్‌లో ఒక వ్యాసం రాశాడు. ఆయన దాయాది నికొలస్ 1713లోనే ఒక జూదం చిక్కు వేశాడు. నాణెం బొమ్మ పడేదాకా ఎగరేస్తూ పోవాలి. మొదటిసారే పడితే ఒక డ్యూకట్ (అప్పటి బంగారు నాణెం), రెండోసారి పడితే రెండు, మూడోసారైతే నాలుగు, ఇలా రెట్టింపవుతూ పోతుంది. సగటు కడితే రాబడికి అంతే లేదు. కానీ 20 డ్యూకట్లిస్తానంటే బుద్ధున్నవాడెవడైనా ఆ ఆట హక్కును సంతోషంగా అమ్మేస్తాడు. ఎందుకంటే మనిషి తూచేది డబ్బును కాదు, ఆ డబ్బు తనకు ఒరగబెట్టే మేలును. చేతిలో ఎంత ఎక్కువుంటే తర్వాతి రూపాయి అంత తేలిక. ఈ మేలును ఒక్కో ఫలితానికీ విడిగా కట్టి, వాటి సగటు చూసుకొమ్మన్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో ప్రత్యాశిత ప్రయోజనం అని భయపెట్టేది దీన్నే.

జూదం కథ అందరూ చెబుతారు. నాకు ఇష్టమైంది అదే వ్యాసంలో ఉన్న ఓడ లెక్క.

కాయస్ అని పీటర్స్‌బర్గ్ వర్తకుడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సరుకు కొన్నాడు. క్షేమంగా చేరితే పదివేల రూబుళ్లు పలుకుతుంది. ఆ కాలంలో బయల్దేరే వంద ఓడల్లో ఐదు మునుగుతాయి. అంటే సగటు నష్టం 500. బీమా చేసేవాడు 800 అడుగుతున్నాడు. 300 ఎక్కువ, దోపిడీయే. కట్టాలా వద్దా?

బెర్నౌలీ జవాబు కాయస్ ఇంట్లో ఇంకెంత ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. ఓడ కాక 5,043 రూబుళ్లకు మించి ఉంటే బీమా మానేయడమే మేలు, అంతకు తక్కువైతే 800 కట్టడమే తెలివి. నేను అదే సూత్రం మరో ఇద్దరికి వేసి చూశాను. ఇంట్లో లక్ష రూబుళ్లున్నవాడు 523 దాకా ఇస్తాడు, ఆపైన ఒక్క రూబులూ ఇవ్వడు. వాడికి ఓడ మునగడం అంటే పుస్తకంలో ఒక పద్దు. ఇంట్లో వెయ్యే ఉన్నవాడు మాత్రం 1,243 దాకా ఇవ్వడానికైనా సిద్ధపడాలి. ప్రమాదం ఒకటే, సరుకూ ఒకటే, బీమా విలువ మాత్రం రెండు రెట్లకు పైన తేడా.

రిస్క్ అంటే వెనకడుగు వేయడమంటే అర్థం ఇదే. పిరికితనానికీ దీనికీ సంబంధం లేదు. పోయే పదివేలు వచ్చే పదివేల కంటే బరువు, అంతే. ఈ లెక్కన మనం బీమాను తలకిందులుగా కొంటున్నాం. పగిలినా నెల జీతంలో సర్దుకోగల ఫోన్ అద్దానికి షాపులోనే ప్లాన్ తీసుకుంటాం. ఇల్లు అమ్మించే ఆస్పత్రి బిల్లు దగ్గరికొస్తే మాత్రం వచ్చే ఏడు చూద్దాంలే అంటాం.

ఈ సిద్ధాంతాన్ని మన పల్లెల్లోనే పరీక్షించారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరుతో పాటు మహారాష్ట్ర పల్లెల్లోనూ రైతులతో నిజమైన డబ్బు పెట్టి బొమ్మా బొరుసా ఆడించాడు. ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. పెద్ద ఆటలో ఏ వైపు పడ్డా 50 రూపాయలు ఖాయంగా తీసుకోవచ్చు. లేదా ఒకవైపు 40, ఇంకోవైపు 120 ఎంచుకోవచ్చు. తెగించినవాడు సున్నా లేదా 200 ఎంచుకోవచ్చు. ఆ రోజుల్లో 200 అంటే కూలి మనిషి నెల సంపాదన దాటిన మాట.

చిన్న మొత్తాల దగ్గర ఒక్కొక్కరు ఒక్కో తీరు. మొత్తం పెరిగేసరికి దాదాపు అందరూ ఓ మోస్తరు జాగ్రత్తలోకి వచ్చారు. ఆస్తిని బట్టి వచ్చిన తేడా చాలా స్వల్పం. పేద రైతు కొత్త విత్తనం వేయకపోతే అది వాడి భయస్తపు స్వభావమని చెప్పుకునే పెద్దలకు ఇది మింగుడుపడని ఫలితం. భయం అందరిదీ ఒకటే అయితే తేడా అప్పు పుట్టడంలో, ఎరువు దొరకడంలో ఉండి ఉండాలి.

ఇక మన మహబూబ్‌నగర్ జిల్లాలోనే మరో ముచ్చట. 2003లో పల్లెల్లో చిన్న అప్పులిచ్చే బేసిక్స్ సంస్థ, బీమా కంపెనీ ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి ఇక్కడ వాన బీమా మొదలుపెట్టాయి. ఆముదం, వేరుశనగ రైతులకు. పొలానికొచ్చి పంట చూసే పని లేదు. వానమాపకంలో పడాల్సినంత పడకపోతే డబ్బు ఇస్తారు. బెర్నౌలీ మాట నిజమైతే వానంటే ఎక్కువ భయమున్నవాళ్లు ముందుగా కొనాలి. తర్వాత ఆర్థికవేత్తలు వచ్చి ఇల్లిల్లూ అడిగితే తేలింది తలకిందులు. రిస్క్ భయం ఎక్కువున్నవాళ్లే తక్కువ కొన్నారు. కాస్త డబ్బున్నవాళ్లు, బేసిక్స్‌తో ముందే పరిచయమున్నవాళ్లు ఎక్కువ కొన్నారు.

బెర్నౌలీ ఓడిపోయాడా? నేననుకోను. కాయస్‌కు ఓడ మునిగితే డబ్బు వస్తుంది, అందులో సందేహం లేదు. ఇక్కడ వానమాపకం ఎక్కడో ఉంటుంది, నా చేను ఇంకెక్కడో. అక్కడ కురిసి నా చేనును ఎగ్గొట్టిందనుకోండి. పంట పోయింది, బీమా రాలేదు, కట్టిన ప్రీమియమూ పోయింది. బీమా లేని రోజుల్లో వచ్చే అధ్వాన్నమైన ఏడాది కంటే ఇది ఇంకా అధ్వాన్నం. అధ్వాన్నానికే ఎక్కువ బరువిచ్చే మనిషి దీనికి దూరంగా ఉండడం లెక్క ప్రకారమే. పైగా ఇచ్చే కంపెనీ ఇస్తుందో లేదో అన్న అనుమానం ఒకటి. తెలియని బీమా కూడా రైతుకు ఒక జూదమే.

ఇంకో చిక్కుంది. ఇంతసేపు దాన్ని దాటేస్తూ వచ్చాను. వెయ్యి రూబుళ్లవాడు 1,243 దాకా ఇవ్వాలని చెప్పాను కదా. ఉన్నదే వెయ్యి! బేరమాడి 800కే దొరికిందనుకున్నా, ఓడ చేరేదాకా ఇల్లు గడవడానికి మిగిలేది రెండు వందలు. బెర్నౌలీ లెక్కలో నెలలు లేవు. మన ప్రీమియం అడిగేది జూన్‌లో, విత్తనాలకూ ఎరువులకూ సేటు దగ్గర నిలబడే నెలలో. అప్పుడు రూపాయి ఎంత బరువో ఇక్కడ కూర్చున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

కెన్యాలో చెరకు రైతులతో చేసి, 2018లో అచ్చైన ఒక ప్రయోగం ఉంది. పంట బీమాకు ముందుగా డబ్బు కట్టమంటే వందలో ఐదుగురు తీసుకున్నారు. అదే ప్రీమియాన్ని, పైన వడ్డీ కూడా కలిపి, చెరకు కొట్టాక దాన్ని కొనే కంపెనీ ఇచ్చే సొమ్ములోంచి పట్టుకుంటామంటే 72 మంది సరేనన్నారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరుసలో పెద్దాయన ఎప్పట్నుంచో చెయ్యెత్తి ఉన్నారు, ముందు ఆయనకు మైకివ్వండి.