బొమ్మ రంగు, రోగి మాట

శ్రోతలకు నమస్కారం. నర్సింగ్ విద్యార్థిని తొలి సూది గుచ్చేది సాధారణంగా మనిషికి కాదు, బొమ్మకు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ పాఠశాల కోసం మార్తా చేజ్ అనే బొమ్మల తయారీదారు 1911లో నిలువెత్తు బొమ్మను చేసి ఇచ్చారు. నేటి శిక్షణ బొమ్మలకు, అంటే మానికిన్‌లకు, నాడి కొట్టుకుంటుంది, ఛాతీ ఎగసి పడుతుంది. అయినా చాలా ల్యాబుల్లో చర్మం మాత్రం పాలిపోయిన తెలుపే. బెంగళూరులో నేను పాఠం చెప్పే చోట పిల్లలు దానికి "దొరగారు" అని పేరు పెట్టుకున్నారు.

ఇది నవ్వి వదిలేయవలసిన సంగతి కాదు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే చర్మం నీలం తిరుగుతుందని దొరగారి మీద నేర్చుకున్న అమ్మాయి, రేపు వార్డులో నల్లని రైతు పక్కన నిలబడినప్పుడు చూడవలసింది చర్మం కాదు, పెదవుల లోపలి వైపు, నాలుక, కింది కనురెప్ప లోపలి పొర. మంచాన పడినవారికి పడకపుండు మొదలయ్యేటప్పుడు ఎరుపు కనిపిస్తుందని చదువుకుంటాం. నల్లని ఒంటి మీద ఆ ఎరుపు తెలియకపోవచ్చు కనుక చేత్తో తాకి వేడిని, గట్టిదనాన్ని పోల్చుకోవాలి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు సైతం నల్లజాతి రోగులలో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపడం తెల్లజాతి రోగులలో కంటే తరచుగా జరుగుతోందని 2020లో అమెరికాలో వెలువడిన పరిశీలన తేల్చింది.

బొమ్మ మాట్లాడలేని చోట మనిషే రోగిగా నటిస్తాడు. ఈ పద్ధతిని 1963లో లాస్ ఏంజిలిస్‌లో హోవర్డ్ బారోస్ అనే వైద్యుడు ప్రారంభించారు. అయితే చెవులు బాగా వినిపించే విద్యార్థి బధిరుడిగా నటిస్తే అది పాఠం కాదు, వెక్కిరింత అవుతుందని నా అభిప్రాయం. ఆ అనుభవం ఉన్నవారినే పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, పాఠం ఎలా సాగాలో వారినే అడగడం మేలు.

భాష సంగతి మరీ చిత్రం. హిందూపురం నుంచి, మదనపల్లె నుంచి వైద్యం కోసం ఈ నగరానికి వచ్చే మనవాళ్ళు "సుస్తీ చేసింది" అంటే జబ్బు పడ్డామని అర్థం. కన్నడంలో "సుస్తు" అంటే అలసట. ఒక అభ్యాసంలో రోగి పాత్ర వేసిన పెద్దావిడ ఆ మాటే అంటే, కన్నడ విద్యార్థిని కేస్ షీటులో అలసట అని రాసి ఊరుకుంది. తరువాతి చర్చలో తప్పు తెలుసుకుని, మళ్ళీ మంచం దగ్గరకు వెళ్ళి, "సుస్తీ అంటే ఒంట్లో ఏమవుతోంది అవ్వా?" అని అడిగింది. అప్పుడు బయటపడింది, మూడు రోజుల జ్వరం.