పాత జీపుకి ఓవర్‌డ్రైవ్ బిగిద్దాం రండి: పర్లాకిమిడి షెడ్డులో మూడు సాయంత్రాలు

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఇదిగో, నా వెనకాల ఉన్నది మా నాన్నగారి జీపు. మహీంద్రా సీజే 3బీ. దీనికి ఇవాళ ఓవర్‌డ్రైవ్ బిగిద్దాం, అంటే ఇంజను నెమ్మదిగా తిరిగినా బండి అదే వేగంతో పోయేలా చేసే అదనపు గేరు యూనిట్. అల్లుడూ, కెమెరా కొంచెం కిందికి పెట్టు, బానెట్ కాదు, కింద భాగం కనబడాలి. ఆ, అలా.

ఈ బండిలో హరికేన్ ఇంజను, 2,199 సీసీ. ముందుకు మూడే గేర్లు. వెనక ఇరుసులో 43 పళ్ళ చక్రం, దాన్ని తిప్పే 8 పళ్ళ చిన్న చక్రం, పినియన్. అంటే గేర్‌బాక్సు వైపు నుంచి వచ్చే షాఫ్ట్ 5.38 చుట్లు తిరిగితేగాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. ఆర్.ఉదయగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇదే దేవుడిచ్చిన వరం. మా నాన్నగారు సంతకి మనుషుల్ని, మూటల్ని ఎక్కించుకుని ఆ కొండ ఎక్కేవారు, బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. కానీ ఇక్కడి నుంచి పాతపట్నం దాటి టెక్కలి దగ్గర హైవే ఎక్కామంటే చాలు, 60 దాటగానే ఇంజను అరుపు. పక్కన కూర్చున్న మనిషి మాట వినపడదు. శ్రీకాకుళం చేరేసరికి నా చెవులు కాదు, ఆ ఇంజను మీద జాలితో మనసు అలసిపోతుంది.

లెక్క చూపిస్తాను, ఇది మీరూ మీ బండికి వేసుకోండి. టైరు మీద సుద్దతో ఒక గీత, రోడ్డు మీద ఒక గీత. బండిని తోసి, గీత మళ్ళీ నేలకి వచ్చేదాకా టేపు పెట్టాను. 2.26 మీటర్లు వచ్చింది. 60లో పోతుంటే నిమిషానికి 1000 మీటర్లు. అంటే చక్రం 442 చుట్లు. మూడో గేరులో ఇంజనూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి, దాన్ని 5.38తో గుణిస్తే ఇంజను నిమిషానికి దాదాపు 2,380 చుట్లు. ఇప్పుడు ఈ ఓవర్‌డ్రైవ్ ఏం చేస్తుందంటే, ఇంజను 3 చుట్లు తిరిగితే షాఫ్ట్‌ని 4 చుట్లు తిప్పుతుంది. అదే 60కి ఇంజను 1,785 చుట్లే. ఇంకోలా చెప్పాలంటే, బండి 80లో పోతున్నా ఇంజనుకి మాత్రం 60లో పోతున్నట్టే ఉంటుంది.

కానీ ముందే చెప్తున్నాను, దీన్ని స్పీడు కోసం పెట్టుకోవద్దు. బ్రేకులు చూడండి, 9 అంగుళాల డ్రమ్ములు. 80లో ఆపడానికి చేసినవి కావవి. నేను పెట్టుకున్నది 60లో హాయిగా పోవడానికి. బ్రేకులు సరిగ్గా లేకపోతే ముందు వాటి పని చూడండి, ఈ వీడియో తర్వాత చూడొచ్చు.

సరే, సామాను. ఇదిగో యూనిట్. అమెరికాలో వార్న్ అనే కంపెనీ జీపుల కోసం చేసింది. తర్వాత అదే డిజైన్ మీద సాటర్న్ పేరుతో అడ్వాన్స్ అడాప్టర్స్ వాళ్ళు చేశారు. నాది పాతదే, అక్కడున్న మా పెదనాన్న కొడుకు సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చాడు. అన్నయ్యా, నీ మేలు మరిచిపోను.

ఇప్పుడు కిందికి రండి. ట్రాన్స్‌ఫర్ కేసు ఇది, గేర్‌బాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె. పేరు స్పైసర్ 18. వెనక్కి పోయే షాఫ్ట్ మధ్యలో కాకుండా కుడిపక్కకి ఉంది చూశారా, హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము కూడా అక్కడే. మరి మధ్యలో ఏముంది? ఈ మూత. గేర్‌బాక్సుకి సరిగ్గా సూటిగా వెనకాల ఉంది. పూర్వం ట్రాక్టరులా పంపు, రంపం లాంటివి నడుపుకోవడానికి వదిలిన దారి ఇది. మన ఓవర్‌డ్రైవ్ కూర్చునేది ఇందులోనే. అందుకే గేర్‌బాక్సు దించక్కర్లేదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయక్కర్లేదు. బండి అసలు రూపానికి ఏ కోతా పడదు. రేపు వద్దనుకుంటే విప్పేసి మళ్ళీ ఈ మూతే పెట్టేయొచ్చు. ఈ పద్ధతి నాకు అందుకే నచ్చింది.

బండి కింద స్టాండ్లు పెట్టండి, ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు. ఆయిల్ దించేయండి. డబ్బా కోసి చేసిన ట్రే ఉంది నా దగ్గర, ఇది చాలు. మూత బోల్టులు విప్పండి. విప్పిన బోల్టుల్ని నేను అట్టముక్కకి గుచ్చుతాను. మూత ఆకారం పెన్నుతో గీసి, ఎక్కడి బోల్టు అక్కడే. ఫోన్లో ఫొటో తీసుకుంటే చాలంటారు గానీ, చేతికి గ్రీజు అంటుకున్నాక ఫోను ఎవరు పట్టుకుంటారండీ. అట్టముక్కే మేలు.

మూత వచ్చేసింది. లోపల నట్టు, దానికి స్ప్లిట్ పిన్. పిన్ లాగేయండి. నట్టు తిప్పితే షాఫ్ట్ కూడా తిరుగుతుంది, కాబట్టి గేరు వేసి, ట్రాన్స్‌ఫర్ లివర్ కూడా వేసి, ఒకరు పైన కూర్చుని బ్రేకు తొక్కిపట్టాలి. అల్లుడూ, కెమెరా అక్కడ పెట్టి నువ్వెళ్ళి తొక్కు. ఆ, గట్టిగా. ఇదిగో, వదిలింది. వాషర్. దాని వెనక గేరు, జాగ్రత్తగా లాగండి.

ఇక్కడ ఆగుదాం. ఈ గేరు గురించి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే దీని దగ్గరే నాకు నాలుగు నెలలు పోయాయి.

ఈ గేరు బండి బండికీ మారుతుంది. 26 పళ్ళది ఉంది, 29 పళ్ళది ఉంది. ఓవర్‌డ్రైవ్ యూనిట్‌కి సొంత గేరు ఉంటుంది, ఇది తీసిన చోట అది వచ్చి కూర్చోవాలి. కాబట్టి ఇక్కడ ఎన్ని పళ్ళో అక్కడా అన్నే ఉండాలి. నేనేం చేశానంటే, నా బండి విప్పకుండానే, కాశీనగర్‌లో తెలిసినవాళ్ళ షెడ్డులో విప్పి ఉన్న ఇలాంటి కేసే చూశాను. లెక్కపెడితే 26. రెండూ ఒకటే బండి కదా అనుకుని అన్నయ్యకి 26 అని చెప్పాను. ఆయన వెతికి వెతికి కొని పంపాడు. తెచ్చి, మూత విప్పి, పెట్టబోతే పళ్ళు కలవలేదు. అప్పుడు నా గేరు లెక్కపెట్టాను. 28. మళ్ళీ లెక్కపెట్టాను. 29. ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ. దాన్ని అక్కడే అమ్మించి, వేరేది వెతికించి, అది నా చేతికి వచ్చేసరికి నాలుగు నెలలు.

అందుకే లెక్క ఇలా పెట్టండి. గేరుని కిరసనాయిలులో కడగండి, పూర్తిగా తుడవొద్దు, కొంచెం నూనె ఉండనివ్వండి. ఒక పంటి మీద సుద్ద ముక్కతో గుర్తు. నేల మీద న్యూస్‌పేపరు పరిచి, గేరుని చపాతీ కర్రలా మెల్లగా దొర్లించండి. చూడండి, నల్లగా ఒక్కో పంటి గుర్తు పడుతోంది. సుద్ద గుర్తు మళ్ళీ కాగితానికి తగిలేదాకా దొర్లించి ఆపండి. ఇప్పుడు ఆ గుర్తులకి పెన్నుతో 1, 2, 3 అని నంబర్లు వేయండి. మొదటిదీ చివరిదీ ఒకటే పన్ను, రెండుసార్లు లెక్కలోకి రానివ్వొద్దు. 27, 28, 29. ఆ కాగితం ఫొటో తీసి పంపండి, నోటిమాటగా నంబరు చెప్పొద్దు. అదే చేత్తో గేరు రంధ్రం లోపలి గాళ్ళు, అదే స్ప్లైన్లు, కూడా లెక్కపెట్టండి. నాది 6. కొన్నిటికి 10 ఉంటాయి.

సరే, ముందుకి పోదాం. పాత ప్యాకింగ్ గీకేయండి, బ్లేడు పడుకోబెట్టి. ముక్కలు లోపల పడకుండా గుడ్డ పెట్టండి. కొత్త ప్యాకింగ్‌కి గ్యాస్కెట్ పేస్ట్ పల్చగా, మరీ పల్చగా. యూనిట్ బరువుగా ఉంటుంది, ఇద్దరు పట్టుకోండి. ఇలా సూటిగా లోపలికి. ఆగింది చూశారా? ఇంకా వేలెడు సందు ఉంది. ఇక్కడ చాలామంది బోల్టులు వేసి బిగించి లాగేస్తారు. వద్దండీ, వద్దు. బోల్టు పట్టే చెవి పగిలిపోతుంది. షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ కొంచెం తిప్పండి, పన్ను పన్నులో పడినప్పుడు అదే జారుతుంది. ఇదిగో... విన్నారా ఆ చప్పుడు? కూర్చుంది. ఇప్పుడు బోల్టులు, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. నేను రింగు పానాయే వాడతాను, ఓపెన్ పానా జారి బోల్టు తల గుండ్రమైపోతుంది.

ఓవర్‌డ్రైవ్ లివర్‌కి ఫ్లోర్‌లో రంధ్రం. కింద నుంచి అట్ట పెట్టి గుర్తు, చిన్న డ్రిల్లు, తర్వాత ఆకురాయి. దుమ్ము రాకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను. అంతే.

ఆయిల్. ట్రాన్స్‌ఫర్ కేసులో ఉన్న ఆయిలే ఈ యూనిట్‌కీ పోతుంది. 90 నంబరు, జీఎల్-4 రకం గేరు ఆయిల్. షాపులో జీఎల్-5 ఇస్తారు, ఇంకా మంచిదంటారు. గేర్‌బాక్సులోనూ ఇదే ఆయిల్, అక్కడ గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు ఇత్తడివి, వాటికి అది పడదు. అడిగి మరీ జీఎల్-4 తెచ్చుకోండి.

వాడకం. యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ తొక్కి, లివర్ నెమ్మదిగా. మూడు గేర్లలోనూ పని చేస్తుంది, అంటే మూడు కాస్తా ఆరు. రెండుకీ మూడుకీ మధ్య ఉన్న ఆ పెద్ద ఖాళీలో కూడా ఇప్పుడు ఒక గేరు దొరుకుతుంది, నాకు హైవే కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడుతోంది. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం తీసేయండి. స్పీడోమీటరు గురించి టెన్షన్ వద్దు, దాని పళ్ళు యూనిట్ తర్వాత, వెనక షాఫ్ట్ దగ్గర ఉన్నాయి. అది చూపించేది నిజమే.

పొద్దున టెక్కలి దాకా వెళ్ళొచ్చాం. 60లో మా అల్లుడు మామూలు గొంతుతోనే మాట్లాడాడు, నాకు వినపడింది. ఇప్పుడు బండి చల్లారింది, ట్రాన్స్‌ఫర్ కేసుకి ఆయిల్ మట్టం చూసే లెవెల్ ప్లగ్ విప్పుతున్నాను. కొత్తగా పోసిన ఆయిల్లో కొంత యూనిట్లోకి పోయి ఉంటుంది. వేలు పెట్టి చూడండి... ఆ, అందట్లేదు. అల్లుడూ, ఆ డబ్బా ఇలా అందుకో. అంచు దాకా వచ్చేవరకు పోద్దాం.