నియమం పాటించి గెలిచినవారికి నిషేధం, గీత దాటినవారికి అనుమతి

నమస్కారం. ఈ రోజు ఒక్క మాట మీదే నిలబడతాను. పోటీ ఈతలో నియమానికి లోబడి కొత్త దారి కనిపెట్టినవారికి అంతర్జాతీయ సమాఖ్య ఫినా (ఇప్పటి పేరు వరల్డ్ అక్వాటిక్స్) తలుపులు మూసింది. గీత దాటినవారికి మాత్రం తలుపులు తెరిచింది.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్ప ఈత) ఫైనల్‌పై రేగిన వివాదం మీకు తెలిసిందే. జపాన్ ఈతగాడు కొసుకె కిటాజిమా 0.17 సెకన్ల తేడాతో అమెరికా ఈతగాడు బ్రెండన్ హాన్సెన్‌ను ఓడించాడు. అప్పటికి ఆ ఈతలో డాల్ఫిన్ కిక్ నిషిద్ధం. కిటాజిమా దానిని వాడాడని హాన్సెన్ సహచరుడు ఆరన్ పియర్సోల్ బహిరంగంగానే ఆరోపించాడు. ఆ కిక్ ఎలా ఉంటుందో గమనించండి: నీటి అడుగున చేతులను తొడల దాకా లాగే క్షణంలో, జతగా ఉన్న రెండు కాళ్లు కొరడా ఝళిపించినట్లు కిందికి దూసుకుపోతాయి. గట్టు మీద నిలబడిన న్యాయనిర్ణేతకు నురగ తప్ప మరేమీ కనిపించదు. ఫలితం మారలేదు, నియమమే మారింది. 2005లో ఫినా ఒక డాల్ఫిన్ కిక్‌ను అనుమతించింది.

ఆ ఒక్కటైనా హద్దుగా నిలిచిందా? 2012 లండన్‌లో ఇదే పోటీని 58.46 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచిన కామెరాన్ వాన్ డెర్ బర్గ్, తాను అదనపు కిక్‌లు కొట్టానని తానే పత్రికకు చెప్పాడు. స్వర్ణం ఆయన వద్దే ఉంది, ఎందుకంటే నీటి అడుగు కెమెరా దృశ్యాలను ఆ క్రీడల్లో తీర్పుకు ఆధారంగా తీసుకోలేదు.

ఇప్పుడు 1956 మెల్‌బోర్న్‌కు రండి. మసారు ఫురుకావా 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అధిక భాగం నీటి అడుగునే ఈది గెలిచాడు. అప్పటి నియమం దానిని అడ్డుకోలేదు. క్రీడలు ముగిశాక ఆ పద్ధతిని నిషేధించారు. 1988 సియోల్‌లో డేవిడ్ బెర్కాఫ్ బ్యాక్‌స్ట్రోక్‌లో (వెల్లకిలా ఈదే పోటీలో) దాదాపు 35 మీటర్లు నీటి అడుగున సాగి, హీట్స్‌లోనే, అంటే ఫైనల్‌కు ముందు జరిగే తొలి పోటీల్లోనే, 54.51 సెకన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఫైనల్‌లో ఆయనను ఓడించిన డైచి సుజుకి కూడా నీటి అడుగునే చాలా దూరం సాగాడు. ఆ వెంటనే నీటి అడుగు దూరాన్ని 10 మీటర్లకు కుదించి, తరువాత 15 మీటర్లు చేశారు. 1996 అట్లాంటాలో బటర్‌ఫ్లై స్వర్ణాలు రెండూ గెలిచిన డెనిస్ పంక్రాతోవ్ నీటి అడుగునే చాలా దూరం సాగే పద్ధతికీ 1998లో అదే గతి పట్టింది.

ఊపిరి బిగబట్టడంలో ప్రమాదం ఉందన్న వాదనను నేను కాదనను. అయితే నా అభిప్రాయంలో అసలు కారణం వేరే ఉంది: గట్టు మీద నుంచి పట్టుకోగలిగినదానిని ఫినా నిషేధిస్తుంది, పట్టుకోలేనిదానిని చట్టబద్ధం చేస్తుంది. తల ఏ గీత వద్ద పైకి వచ్చిందో ఎవరైనా చూడగలరు. నురగ కింద కాళ్లు ఎన్నిసార్లు కదిలాయో చూడలేరు. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో 43 ప్రపంచ రికార్డులు కూలాక, 2010 నుంచి ఈత వేగాన్ని పెంచే పాలీయురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) దుస్తులను నిషేధించగలిగారంటే, వాటిని పోటీకి ముందే చేత్తో పట్టుకుని పరీక్షించవచ్చు కాబట్టే. అయినా రికార్డులను రద్దు చేయలేదు; పాల్ బీడర్‌మన్ 400 మీటర్ల ఫ్రీస్టైల్ రికార్డు 2025 దాకా చెక్కుచెదరలేదు.

నేను పొరబడ్డానని మీరు భావిస్తే, నీటి పైన అందరి కళ్లెదుట జరిగిన ఉల్లంఘనను ఆ తరువాత ఫినా నియమంగా మార్చిన ఉదాహరణ ఒక్కటి వ్యాఖ్యల్లో రాయండి. తదుపరి వీడియోలో దానిని చదివి, నా సమాధానం చెబుతాను.