పుస్తకం మన పేటకు రావాలి

నమస్కారం. మా పెద్దమ్మకు డెబ్బై దాటాయి. పోయిన నెల ఒక పాత తెలుగు నవల కావాలంటే, చెన్నైలో మా పేటలోని శాఖా గ్రంథాలయానికి తీసుకువెళ్లాను. "ఇక్కడ లేదమ్మా, వేరే చోటి నుంచి తెప్పించే ఏర్పాటు కూడా లేదు" అన్నారు. పెద్దమ్మ ఏమీ అనలేదు. పుస్తకం కోసం తెచ్చుకున్న గుడ్డ సంచిని నాలుగు మడతలు పెట్టింది. నాకు కడుపులో దేవినట్టయింది.

2018 డిసెంబరులో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఊడి అనే గ్రంథాలయం తెరిచారు. అక్కడి కుట్టు మిషన్లు, త్రీడీ ప్రింటర్ల గురించి చాలామంది చెబుతారు. నన్ను ఆలోచింపజేసింది మరొకటి. అంత పెద్ద భవనంలో పుస్తకాలు సుమారు లక్షే! మన కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయి. కానీ హెల్సింకీ, దాని పక్కనున్న మూడు పట్టణాల గ్రంథాలయాలన్నిటికీ ఒకటే కార్డు. ఎక్కడున్న పుస్తకాన్నయినా కోరితే ఇంటి దగ్గరి శాఖకు పంపిస్తారు. చదివాక ఏ శాఖలోనైనా తిరిగి ఇవ్వవచ్చు.

మనకు పుస్తకాలు లేక కాదు. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకానిదీ ఒక ప్రతి ఎగ్మోర్‌లోని కన్నెమరా గ్రంథాలయానికి చేరాలి. విజయవాడలో అచ్చయినా సరే. అది భద్రపరచవలసిన ప్రతి, బయటికి పంపమని నేను అడగను. నగరంలోని మిగతా శాఖల ప్రతులు కదలాలి కదా!

చదువరి కాలాన్ని కాపాడాలని 1931లోనే సూత్రం రాసిన రంగనాథన్ గారు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు. ఆయన కృషితోనే 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో అలాంటి చట్టం అదే మొదటిది. అప్పటి ఉమ్మడి మద్రాసులో మన కోస్తా, రాయలసీమ కూడా ఉన్నాయి. ఆ చట్టం పెట్టిన గ్రంథాలయ సెస్సును ఈ రోజుకీ ఆస్తి పన్నుతో కలిపి కడుతున్నాం. అద్దెకున్నవాళ్లు కూడా అద్దె రూపంలో కడుతున్నట్టే.

అందుకే నేను కొత్త భవనం అడగడం లేదు. నగరమంతటికీ ఒకటే పుస్తకాల పట్టిక, ఒకటే కార్డు, శాఖల మధ్య వారానికి ఒకసారి తిరిగే వ్యాను అడుగుతున్నాను. మీకు కావలసిన తెలుగు పుస్తకం పేరు కాగితం మీద రాసి ఈ వారం మీ పేట శాఖలో ఇవ్వండి, తేదీ వేయించుకోండి. పెద్దమ్మ తన కాగితం రాసేసింది. సోమవారం ఇద్దరం వెళ్తున్నాం, సంచి కూడా తెస్తానంటోంది.